ఫోన్ కాదు బాబూ, నీ కాళ్ల కింద నేల చూసుకో!

ఆగండాగండి, స్క్రోల్ చెయ్యకండి. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. వానలో చెట్టు కింద నిలబడి ఒకాయన ఫోన్ మాట్లాడుతుంటాడు. తెల్లగా ఒక్క మెరుపు. మనిషి దబ్బున పడిపోతాడు. కింద కామెంట్లు చూడాలి! "ఫోన్ వల్లే", "సిగ్నల్ పిడుగుని లాగేసింది". నాకు ఒళ్లు మండిపోయింది. అయ్యా, అంత చెట్టు ఎదురుగా కనబడుతుంటే మీ చూపు అరచేతిలో ఉన్న ఫోన్ మీదికెలా పోయింది?

సెల్‌ఫోన్ పిడుగుని పిలవదు. తీగ ఉన్న పాత ల్యాండ్‌లైన్ అయితే వేరే కథ. ఛార్జింగ్‌లో పెట్టి మాట్లాడినా వేరే కథ, తీగ వెంబడి కరెంటు వస్తుంది కాబట్టి. ఉత్త ఫోన్ ఏ పాపం ఎరగదు. ఈ ఫోన్ గోల చేసిన నష్టమేంటో తెలుసా? జనం బుద్ధిగా ఫోన్ స్విచాఫ్ చేసి, జేబులో పెట్టుకుని, మళ్లీ అదే చెట్టు కింద నిలబడుతున్నారు!

ఇవాళ నా మాట ఒక్కటే. పిడుగు నెత్తిన పడి చంపేది తక్కువ, కాళ్ల కింద నుంచి వచ్చి చంపేది ఎక్కువ. మళ్లీ చెప్తున్నా, కాళ్ల కింద నుంచి! పిడుగుపాటు చావుల్లో నేరుగా మీద పడి పోయేది నూటికి 3 నుంచి 5 మందే. సగం దాకా నేల మీద పాకే కరెంటు ఖాతాలోవే. చెట్టు మీద పడింది, మొదలు దాకా దిగింది, అక్కడితో ఆగుతుందా? చెరువులో రాయేస్తే అలలు పోయినట్టు చుట్టూ పాకుతుంది. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఇప్పుడు మీ ఒక కాలు చెట్టుకి దగ్గర, ఇంకో కాలు అడుగు దూరం. రెండు కాళ్ల కిందా వోల్టేజీ ఒకటి కాదు. ఆ తేడా చాలు, ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతుంది.

నమ్మరా? 2016 ఆగస్టు, నార్వేలో హార్దాంగర్‌విడ్డా పీఠభూమి. ఒక్క ఉరుముల వానకి 323 రెయిన్‌డీర్లు, అంటే మంచు ప్రాంతపు జింకలు, గుంపు గుంపంతా ఒకేచోట చచ్చి పడున్నాయి. మరి వాటి దగ్గర ఏ మోడల్ ఫోనుందో కామెంట్లో పెట్టండి! నాలుగు కాళ్ల జీవికి ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య ఎడం ఎక్కువ, పైగా కరెంటు పోయే దారిలోనే గుండె ఉంది.

"అయితే అన్నా, కాళ్లు దగ్గరపెట్టి గొంతుక్కూర్చుంటే సరి కదా" అంటారు. నేనూ ఒకప్పుడు అదే నమ్మాను, ఒప్పుకుంటున్నా. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ 2008లోనే ఆ సలహా చెప్పడం మానేసింది. బయట కూర్చున్నంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ సమయంలో పరిగెత్తి లోపల పడండి! లోపల అంటే వైరింగు, పైపులు ఉన్న గట్టి బిల్డింగ్. గుడిసె కాదు, నాలుగు పక్కలా తెరిచున్న షెడ్డు కాదు. 1975లో రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, ఒక గుడిసెలో తలదాచుకున్న 21 మంది ఒక్క పిడుగుకే పోయారు. లోపలికెళ్లాక కుళాయి, షవరు జోలికి పోవద్దు, పిడుగు కరెంటు ఆ పైపుల వెంబడే నేలలోకి పోతుంది కాబట్టి.

బిల్డింగ్ దగ్గర్లో లేకపోతే రేకు టాపున్న కారు. అద్దాలెత్తి కూర్చోండి. కాపాడేది టైర్ల రబ్బరు అనుకునేవాళ్లకి ఒక దండం. కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చినదాన్ని జానెడు రబ్బరు ఆపుతుందా? కరెంటు కారు పైరేకు మీదుగా జారి నేలలోకి పోతుంది, అంతే. మీ రబ్బరు చెప్పుల సంగతి ఇక నేను చెప్పక్కర్లేదు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 3 సెకన్లకో కిలోమీటరని లెక్కపెడతారే, లెక్క కరెక్టే. కానీ ఉరుము వినబడిందంటే మీరు దాని అందుబాటులో ఉన్నట్టే, వేళ్లు మడుస్తూ నిలబడకండి. వాన వెలిసింది కదా అని బయటికి రావడం ఇంకో తెలివి! ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు, గడియారం చూసుకుని మరీ.

ఇంకొకటి. పడిపోయిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని జనం దూరంగా నిలబడతారు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదండీ! పిడుగుపాటుకి గురైనవాళ్లలో పదింట తొమ్మిదిమంది బతుకుతారు. అమెరికాలో రాయ్ సలివాన్ అనే అడవి కాపలాదారు ఏడుసార్లు పిడుగు తిని ఏడుసార్లూ బతికాడు. గుండె ఆగితే వెంటనే ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ చెయ్యాలి, ఇంకొకరు అంబులెన్స్‌కి ఫోన్ కొట్టాలి. అవును, ఫోనే!

అన్నట్టు, ఆ వీడియో తీసినాయన చేతిలో ఉన్నదేంటి? అతనికేం కాలేదే?