మెనూ చివరి పేజీలో సుషీ

శ్రోతలందరికీ నమస్కారం.

ఇలాంటి రెస్టారెంట్ మీలో చాలామంది చూసే ఉంటారు. బల్లలు, కుర్చీలు మామూలువే. మెనూ మాత్రం పాఠ్యపుస్తకమంత మందం. చైనా నూడుల్స్‌తో మొదలవుతుంది. థాయ్ కూరలు, వియత్నాం సూపులు, కొరియా వేపుళ్లు దాటుకుంటూ పోతే చివరి పేజీలో సుషీ కనిపిస్తుంది. పేరున్న జపనీస్ రెస్టారెంట్‌లో రెండు ముక్కలకు పెట్టే డబ్బుకి ఇక్కడ ప్లేటు నిండా వస్తుంది. ఆశ పుడుతుంది, వెంటనే అనుమానమూ పుడుతుంది. ఇంత చవకగా ఇస్తున్నారంటే ఆ చేప ఎన్నాళ్ల కిందటిదో అని.

ఆ అనుమానంతో నేను చాలాసార్లు చివరి పేజీ దాకా వెళ్లి, మళ్లీ మొదటి పేజీకి వచ్చి నూడుల్స్ చెప్పేశాను. తర్వాత తెలిసింది, నేను చూడాల్సింది చేపని కాదని.

సుషీ అనగానే పచ్చి చేప అనుకుంటాం. పచ్చి చేపని విడిగా కోసి పెడితే దాన్ని సషిమి అంటారు. సుషీ అంటే వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నం. దాని మీద చేప ఉండొచ్చు, గుడ్డు అట్టు ఉండొచ్చు, లోపల ఒక్క కీరా ముక్కే ఉండొచ్చు. అన్నం లేకపోతే మాత్రం సుషీ లేదు.

తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఈ అన్నాన్నే పారేసేవాళ్లు. ఉప్పు పట్టించిన చేపని అన్నంలో కూరి నెలల తరబడి పులియబెట్టేవారు. చేప నిలవ ఉండటానికే ఆ పని. తినేటప్పుడు అన్నం తీసేసి చేప మాత్రం తినేవారు. జపాన్‌లో బీవా సరస్సు ప్రాంతంలో ఫునాజుషి పేరుతో అలా పులియబెట్టే పద్ధతి ఇప్పటికీ ఉంది. తర్వాత అన్నంలో వెనిగర్ కలపడం మొదలైంది. పులుపు కోసం నెలలు ఆగాల్సిన పని తప్పింది. 19వ శతాబ్దం మొదట్లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి అప్పటికప్పుడు చేతికిచ్చే నిగిరి వచ్చింది. దాన్ని జనంలోకి తెచ్చిన ఘనత హనాయా యోహే అనే ఆయనకి ఇస్తారు. వీధి బండి దగ్గర నిలబడి, చేత్తో తిని, పనికి వెళ్లిపోయేవారు. అప్పటి ముక్క ఇప్పటిదానికి రెండు మూడింతలు ఉండేదట.

1958లో ఇంకో మలుపు. షిరాయిషి యోషియాకి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వరసగా వెళ్లడం చూశాడు. ఆ బెల్టు మీద సుషీ ప్లేట్లు పెడితే ఎలా ఉంటుందా అనుకున్నాడు. ఇప్పటి హిగాషి ఒసాకాలో ఆయన పెట్టిన రెస్టారెంట్‌లో ప్లేట్లు తిరగడం మొదలయ్యాయి. వడ్డించేవాళ్ల పని తగ్గింది, ధరా దిగింది. కాబట్టి చవక సుషీ అంటే నకిలీ సుషీ అని ముఖం చిట్లించుకోనక్కర్లేదు. వీధి బండి మీద పెరిగిన తిండి అది.

ఇక అసలు పరీక్ష. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా. సుషీ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. మెతుకు మెతుకుగా విడిగా కనబడాలి, అయినా ముద్ద విడిపోకూడదు. నోట్లో పెట్టుకోగానే తేలిగ్గా విచ్చుకోవాలి. పులుపు తగలాలి, కానీ ముక్కుకి ఘాటు కొట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అన్నం చల్లగా ఉండకూడదు. మన ఒంటి వేడికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుపోయి మెతుకు రబ్బరులా తయారవుతుంది. చేప ఎంత మంచిదైనా ఆ ముక్కని కాపాడలేదు.

ఇది నాకు అనుభవంతో వచ్చిన తెలివి. ఒకసారి మూడున్నర గంటలకి, భోజనాల వేళ దాటాక, ఖాళీగా ఉన్న ఒక రెస్టారెంట్‌కి వెళ్లాను. మెనూలో అన్నిటికన్నా పెద్ద ఫొటో ఉన్న రోల్, అంటే అన్నాన్ని చుట్టి ముక్కలుగా కోసే సుషీ చెప్పాను. పైన రెండు రంగుల సాసు, వేయించిన పలుకులు, మధ్యలో ఏదో పువ్వు. తింటే కారం మయోనీస్ రుచి, తీపి సాసు రుచి, నూనె రుచి వచ్చాయి. చేప రుచి రాలేదు. అన్నం మధ్యాహ్నం చేసి ఫ్రిజ్‌లో తోసింది కాబోలు, చలికి పళ్లు జివ్వుమన్నాయి. సాసులన్నీ ఎందుకు పోశారో అప్పుడర్థమైంది. తప్పు సగం వాళ్లది, సగం నాది. రద్దీ ఉన్న వేళ వెళ్లి ఉంటే, వేడి తగ్గకముందే అన్నం ఖర్చయ్యేది.

అప్పటినుంచి కొత్త చోట మొదటి ఆర్డర్ చిన్నగా పెట్టుకుంటాను. లోపల కీరా ఒక్కటే ఉండే సన్న రోల్ ఒకటి, దాన్ని కప్పా మాకి అంటారు. గుడ్డు అట్టు నిగిరి ఒకటి. రెండూ చవక. దాక్కోవడానికి చోటు లేని వంటకాలు అవి. కీరా రోల్‌లో అన్నం, నోరి తప్ప ఇంకేముంది? నోరి అంటే పైన చుట్టే ఎండు సముద్రపు నాచు. అవి బాగుంటే అప్పుడు సాల్మన్ చేప చెప్తాను. బాగోకపోతే పోయింది కొద్ది డబ్బే, నూడుల్స్ ఎలాగూ ఉన్నాయి.

మరి చేప మాటేమిటి? ఇక్కడ తాజా అనే మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పొద్దున పట్టి మధ్యాహ్నం కోసిన చేపే మంచిదని అనుకుంటాం. కానీ పచ్చిగా తినే చాలా చేపలకి గడ్డకట్టించడమే రక్షణ. అనిసాకిస్ లాంటి పురుగులు చేపల్లో ఉండొచ్చు, గట్టి చలికి చస్తాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే పద్ధతుల్లో ఒకటి, మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచడం. ఇంట్లో ఫ్రీజర్‌ని నమ్ముకుని ఈ ప్రయోగం చేయకండి, అది అంత చలిని నిలకడగా ఉంచలేకపోవచ్చు. సుషీ గ్రేడ్ అని బోర్డు పెడతారు చూడండి, అమెరికాలో ఆ మాటకి చట్టంలో నిర్వచనమే లేదు. అమ్మేవాళ్ల భరోసా, అంతే.

సాల్మన్ సంగతి ఇంకా వింత. జపాన్‌లో వెనకటికి సాల్మన్‌ని పచ్చిగా తినేవారు కాదు, పురుగుల భయం. 1980ల్లో నార్వే వాళ్లు, సముద్రపు వలల్లో దాణా పెట్టి పెంచడంతో ఆ భయం తగ్గిన తమ సాల్మన్‌ని పట్టుబట్టి అక్కడ అలవాటు చేశారు. ఈరోజు చవక రెస్టారెంట్‌లో ధైర్యంగా చెప్పదగ్గ చేప అదే. ఎక్కువగా అమ్ముడవుతుంది, కాబట్టి నిలవ ఉండదు.

పీత అని ఉన్నచోట చాలావరకు పీత ఉండదని కూడా తెలుసుకోండి. ఎక్కువగా అది పొలాక్ లాంటి తెల్ల చేపని రుబ్బి, రంగు వేసి చేసిన సురిమి. పక్కన పెట్టే పచ్చ ముద్ద కూడా చాలాచోట్ల అసలు వసాబి కాదు. హార్స్‌ర్యాడిష్ అనే ఘాటు దుంప, ఆవపిండి, పచ్చ రంగు. వీటిని నేను మోసం అనను. ఆ ధరకి అసలైనవి రావు. అందరికీ తెలిసిన సర్దుబాటు అది. వైట్ ట్యూనా అన్న పేరు కనిపిస్తే మాత్రం ఆగండి. ఆ పేరుతో ఎస్కోలార్ అనే కొవ్వు చేపని అమ్మిన సందర్భాలు బోలెడు బయటపడ్డాయి. దానిలోని మైనం లాంటి కొవ్వు మనకి అరగదు. ఎక్కువ తింటే ఆ రాత్రి నిద్ర ఉండదు, ఇంతకన్నా రేడియోలో వివరించలేను. జపాన్‌లో దాని అమ్మకాన్నే నిషేధించారు.

గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు పచ్చి చేప జోలికి పోకపోవడమే మంచిది. వాళ్లకీ తినడానికి ఉంది. తీపిగా ఉడికించిన టోఫు, అంటే సోయా పనీర్ సంచిలో అన్నం కూరే ఇనారి నాకు చాలా ఇష్టం. దానిలో చేప ముక్కే ఉండదు.

ఒక చిన్న విషయం. ప్లేటు పక్కన లేత గులాబీ రంగులో పల్చని అల్లం ముక్కలు పెడతారు. దాని పేరు గారి. మనం పేర్ల చివర మర్యాదకి తగిలించే గారి కాదు. దాన్ని సుషీ మీద వేసుకోకూడదు. ఒక చేప తిన్నాక ఇంకో చేప తినే ముందు నోరు శుభ్రపడటానికి అది. అలాగే నిగిరిని సోయా సాస్‌లో ముంచేటప్పుడు చేప వైపు ముంచండి. అన్నం వైపు ముంచితే సాసంతా పీల్చుకుని ముద్ద గిన్నెలోనే విడిపోతుంది.

వీలైతే కౌంటర్ ముందు కూర్చోండి. ఈరోజు ఏం బాగుంది అని అడగండి. అన్నీ బాగున్నాయి అన్న జవాబు వస్తే నాకు నమ్మకం తగ్గుతుంది. నేను ఇప్పుడు తరచూ వెళ్లే చోట, మొదటిరోజు ట్యూనా అడిగితే, చేసే ఆయన తల అడ్డంగా ఊపి, ఇవాళ వద్దు, సాల్మన్ తినండి అన్నాడు. నోరిని కోన్‌లా చుట్టి, అన్నం, సాల్మన్ పెట్టి, ప్లేటులో పెట్టకుండా నేరుగా నా చేతికే ఇచ్చాడు. నేను ఫోన్ తీసి ఫొటోకి సర్దుతున్నాను. ముందు తినండి, నోరి మెత్తబడిపోతుంది అన్నాడు, కాస్త విసుగ్గానే. ఫోన్ జేబులో పెట్టి కొరికాను. నోరి కరకరమన్న చప్పుడుకి పక్క బల్ల మీద నూడుల్స్ తింటున్న ఆయన తల తిప్పి చూశాడు. తర్వాత మెనూ తీసి చివరి పేజీ తిప్పాడు.

నమస్కారం.