కిటికీ ఉన్న గది

సభకు నమస్కారం.

మన విజయవాడ పటమటలో నాలుగిళ్లలో పాచిపని చేసే ఒకావిడ నాకు తెలుసు. ఊరి చివర కాలనీలో ఆమెకు సొంత ఇల్లు వచ్చింది. పట్టా ఉంది, తాళంచెవి ఉంది, పాలు పొంగించిన రోజు తీయించుకున్న ఫొటో కూడా ఉంది. ఆమె ఉంటున్నది మాత్రం రాణిగారితోటలో, రేకుల కప్పు కింద, అద్దె గదిలో. "కాలనీ నుంచి రెండు ఆటోలు మారాలండీ. ఆరింటికల్లా రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటారు" అంది. రికార్డుల్లో ఆమె ఇల్లున్న మనిషి. ఆ ఇంటికి తాళం వేసి ఉంది.

ఇళ్ల గురించి మాట్లాడినప్పుడల్లా ఎన్ని కట్టారన్న లెక్కే వినిపిస్తుంది. పనికి ఎంత దూరంలో కట్టారని అడిగేవారు తక్కువ. నేను ఈ రోజు ఆ దూరం గురించే మాట్లాడతాను.

నగరపాలక సంస్థ చేతిలో ఏముందని మీరు అడగవచ్చు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015లో కేంద్రం తెచ్చింది. 300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో ఇళ్లు రాష్ట్రం ఆ పేరుగల తన సంస్థ ద్వారా చేపట్టినవి. 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు అప్పగించదగిన 18 పనుల జాబితాలో శ్మశానాలు ఉన్నాయి కానీ గృహనిర్మాణం అన్న పద్దు విడిగా లేదు! అయినా నీళ్లు, రోడ్డు, ప్లాను అనుమతి, పన్ను కార్పొరేషన్ చేతిలోనివే. పేదవాడి ఇంటికి వీటికి మించి కావలసింది ఏముంది?

కృష్ణా నది ఒడ్డునున్న కృష్ణలంక సంగతి చూడండి. ఒకప్పుడు బ్యారేజీ గేట్లు ఎత్తారంటే అక్కడివాళ్లు సామాను మూటగట్టుకునేవారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. అంతకుముందు ఎన్నడూ అంత వరద లేదు. అయినా నది పక్కన కట్టిన రిటైనింగ్ వాల్ కృష్ణలంకను కాపాడింది. అదే వారం బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ గోడ కార్పొరేషన్ ఒక్కటే కట్టగలిగింది కాదు, ఒప్పుకుంటాను. కానీ కొత్తగా ఒక్క ఇల్లు కట్టకుండానే, ఊరి నడిబొడ్డున ఉన్న ఇళ్లు భయం లేకుండా నిద్రపోయే ఇళ్లయ్యాయి. ఇళ్ల సంఖ్య పెంచడమంటే ఇది కూడా.

కొండల మీదా అంతే. మెట్ల దారి, పైవరకు ఎక్కే నీళ్లు, వీధి దీపం ఇస్తే అక్కడివాళ్లు మిగిలినది తామే కట్టుకుంటారు. అన్ని చోట్లా కాదు సుమా. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అలాంటి చోటి నుంచి ఖాళీ చేయించవలసిందే. అయితే కొండ దిగువనే చోటు చూపించాలి, పది కిలోమీటర్ల అవతల కాదు. ఒడిశా 2017లో చట్టం చేసి, బస్తీవాసులకు వీలైనంతవరకు ఉన్నచోటే భూమి హక్కు ఇవ్వడం మొదలుపెట్టింది. పక్క రాష్ట్రమే, వెళ్లి చూసిరావచ్చు.

ఇప్పుడు అద్దె విషయం. నన్నడిగితే ఈ ఊళ్లో పేదలకు ఎక్కువగా ఇళ్లు సమకూరుస్తున్నది ఏ పథకమూ కాదు, చీటీ పాడుకుని పైన స్లాబు వేసే చిన్న ఇంటి యజమాని. సెంటు స్థలమంటే నలభై ఎనిమిది గజాలు. కింద తాము ఉంటారు, పైన రెండు పోర్షన్లు, మెట్ల కింద బాత్రూము. పిల్లర్లు పై అంతస్తు మోస్తాయో లేదో మేస్త్రీకే తెలియాలి. ప్లాను ఉండదు కనుక బ్యాంకు అప్పు ఇవ్వదు. నోటీసు భయం ఎలాగూ ఉంటుంది. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శి అనే ఉద్యోగి ఉన్నారు. చిన్న స్థలాలకు సరిపోయే నాలుగైదు ప్లాన్లు ముందే గీయించి, ప్రతి గదికి కిటికీ పెట్టించి, ఆ ప్రకారం కట్టేవారికి ఫీజు లేకుండా అక్కడే అనుమతి ఇస్తే చాలు.

కార్పొరేషన్ సొంత స్థలాల్లో మాత్రం అమ్మకాలు వద్దు, కేటాయింపులూ వద్దు. మార్కెట్ల పక్కన, బస్సు తిరిగే దారుల్లో గదులు కట్టి అద్దెకు ఇవ్వాలి. వియన్నా నగరపాలక సంస్థ రెండు లక్షలకు పైగా ఇళ్లను తనే అద్దెకు నడుపుతోంది. మనవాళ్లు అద్దెలు వసూలు చేయగలరా అని మీరు నవ్వుతున్నారు, ఆ అనుమానం నాకూ ఉంది. నిర్వహణను విడిగా ఒక సంస్థకు అప్పగించాలి, ఖాళీ స్థలాల పన్ను గట్టిగా వసూలు చేసి అందులో కొంత మరమ్మతులకు కేటాయించాలి. ఆ పన్ను చట్టంలో ఉన్నదే. ధర పెరుగుతుందని ముళ్లకంపలు పెంచుకుంటూ కూర్చున్న ప్లాట్లు బెంజి సర్కిల్ చుట్టుపక్కల మీరూ చూస్తూనే ఉంటారు.

పటమటలో కార్పొరేషన్ గది కట్టి ఇస్తే ఎంత అద్దె ఇవ్వగలవని ఆవిడను అడిగాను. ఇప్పుడు ఇస్తున్నదే ఇస్తానంది. కాసేపు ఆలోచించి, కిటికీ ఉంటే ఇంకో మూడు వందలు వేసుకోమంది.