నల్ల కోటు ఒకటే, వరస మాత్రం వేరు

శ్రోతలకు నమస్కారం.

దేవరకొండ దిక్కు ఒక రైతు భూమి కేసు నల్లగొండ జిల్లా కోర్టులో పోయిందనుకుందాం. అప్పీలు హైకోర్టులో వేయాలి. ఇక్కడి వకీలు హైదరాబాదులో తనకు తెలిసిన వకీలుకు ఫైలు పంపుతారు. ఆయన కాగితాలన్నీ చూసి, "కేసు గట్టిదే, కానీ అవతలి వాళ్లు సీనియర్‌ను పెట్టిన్రు, మనమూ పెట్టుకోవాలె" అంటారు. అప్పుడు రైతు అడిగే మాట: "మీకు ఫీజు ఇచ్చిన గద సారూ, మళ్ల ఇంకో వకీలెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు చట్టంలోనే ఉంది. 1961 నాటి అడ్వకేట్ల చట్టంలోని 16వ సెక్షన్ వకీళ్లను రెండు తరగతులుగా విడదీసింది. సీనియర్ అడ్వకేట్లు, మిగతా అడ్వకేట్లు. జుట్టు నెరిసినంత మాత్రాన ఎవరూ సీనియర్ అయిపోరు. సమర్థత, బార్‌లో, అంటే వకీళ్ల వర్గంలో, ఉన్న స్థానం, చట్టంలో ప్రత్యేక పరిజ్ఞానం చూసి సుప్రీంకోర్టో హైకోర్టో ఆ హోదా ఇస్తుంది. వారి గౌను వేరు. 23వ సెక్షన్ ప్రకారం కోర్టులో ముందు మాట్లాడే హక్కుకూ ఒక వరస ఉంది. అది అటార్నీ జనరల్‌తో మొదలవుతుంది. సీనియర్లు మధ్యలో వస్తారు, మామూలు అడ్వకేటు అందరికన్నా చివర. ఈ గౌరవంతో పాటు కట్టుబాట్లూ ఉన్నాయి. సీనియర్ అడ్వకేటు వకాలత్, అంటే కక్షిదారు తరఫున నిలబడే అధికార పత్రం, వేయకూడదు, కక్షిదారు నుంచి నేరుగా కేసు తీసుకోకూడదు, ఇంకో వకీలు పక్కన లేకుండా హైకోర్టులో నిలబడకూడదు. ఇద్దరు వకీళ్లు, రెండు ఫీజులు అందుకే.

1961కి ముందు ఈ మెట్లు ఇంకా ఎక్కువ. బారిస్టరు, అటార్నీ, వకీలు, ప్లీడరు, ముక్తార్ అని ఎవరి తరగతి వారిది, ఎవరు ఏ కోర్టులో నిలబడాలో ఆ తరగతే చెప్పేది. ఆడవాళ్లకైతే 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చేదాకా ఈ వృత్తిలో హక్కుగా అడుగుపెట్టే దారే లేదు. 1961 చట్టం అందరినీ ఒకే జాబితాలో చేర్చి అడ్వకేట్లు అంది. మెట్లన్నీ తీసేసి, పై మెట్టు ఒక్కటి మాత్రం ఉంచింది.

ఆ మెట్టు ఎవరు ఎక్కుతున్నారన్న దాని మీద చాలా గొడవే జరిగింది. హోదా ఇచ్చే పద్ధతిలో పారదర్శకత లేదని ఇందిరా జైసింగ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆమె స్వయంగా సీనియర్ అడ్వకేటు. 2017లో కోర్టు నూరు మార్కుల లెక్క ఒకటి పెట్టింది. అనుభవానికి ఇన్ని, వాదించిన కేసుల్లో వచ్చిన తీర్పులకు ఇన్ని, రాసిన వ్యాసాలకు ఇన్ని, ఇంటర్వ్యూకు 25 అని. అసలు ఈ రెండు తరగతులే రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను 2023లో కోర్టు కొట్టేసింది. 2025 మేలో ఆ మార్కుల లెక్కనూ తీసేసి, కొత్త నియమాలు రాసుకొమ్మని హైకోర్టులకు చెప్పింది. కాసేపటి ఇంటర్వ్యూతో ఒక వకీలు స్థాయిని ఎట్లా తూస్తారో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

మన జిల్లాలకు పనికొచ్చే మాట ఆ 2025 తీర్పులోనే ఉంది. కింది కోర్టుల్లో, జిల్లా కోర్టుల్లో పనిచేసే వకీళ్ల పాత్ర ఏ రకంగానూ తక్కువ కాదని, వాళ్లనూ ఈ హోదాకు పరిశీలించే ఏర్పాటు ఉండాలని, కావాలంటే ప్రధాన జిల్లా న్యాయమూర్తి అభిప్రాయం అడగవచ్చని కోర్టు అంది. మంచి మాటే. ఎందుకంటే కేసుకు పునాది పడేది ఇక్కడే. సాక్షిని ఎదురు ప్రశ్నలడిగి క్రాస్ చేసేది, భూమి రికార్డయిన పాత పహాణీ నకలు వెతికి తీసేది మిర్యాలగూడలో, అచ్చంపేటలో, గద్వాలలో ఉన్న వకీలే. పైకోర్టులో ఎంత పెద్ద సీనియర్ వాదించినా, వాదించేది దాదాపుగా ఇక్కడ రికార్డయిన దాని మీదనే.

అయినా పేరు కావాలంటే పట్నం పోవాలన్నది ఇవాళ్టిది కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా పడకల్‌లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు వకీలుగా పేరు తెచ్చుకున్నది హైదరాబాదులోనే. 1952లో ఆయన హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. నిజాం కాలంలో కోర్టు భాష ఉర్దూ, అది బాగా వచ్చినవాళ్లదే పైచేయి. ఇప్పుడు ఆ స్థానం ఇంగ్లీషుది. జిల్లాలో సాక్షి తెలుగులో చెప్తాడు, హైకోర్టులో వాదన ఇంగ్లీషులో నడుస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చదివి, పేరున్న లా కాలేజీ నుంచి వచ్చిన పిల్లకు, నల్లగొండ జిల్లా నాంపల్లి మండలం తండా నుంచి వచ్చిన పిల్లవాడికి మధ్య తేడా చట్టం పెట్టింది కాదు. కానీ గౌను తేడా కన్నా ఇదే పెద్దదని నేననుకుంటాను.

ఆ పిల్లవాడి మొదటి మూడు నాలుగేళ్లు చూడండి. పొద్దున్నే, తను పని నేర్చుకునే సీనియర్ గారి ఆఫీసు (ఇక్కడ సీనియర్ అంటే కోర్టు హోదా కాదు, పెద్ద వకీలు అనే), అక్కడి నుంచి కోర్టు. ఒక హాలులో వాయిదా అడగాలి, ఇంకో హాలులో పాసోవర్, అంటే కేసును కాసేపు ఆగి పిలవమని, చెప్పాలి, నకళ్ల సెక్షన్‌లో నిలబడాలి. సాయంత్రం మళ్లీ ఆఫీసు. గుమాస్తాకు క్లయింటు చేతిలో ఎంతో కొంత పెడతాడు. నల్ల కోటు వేసుకున్న జూనియర్‌కు అడగడానికి నామోషీ. ఇంట్లోనేమో, "వకీలువైతివి, పైసలేవిరా?" అంటారు. అమ్మాయిలకైతే రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసులో ఉండాలంటే ఇంట్లో ఇంకో పంచాయితీ. అదే వకీలు కొడుకో కూతురో అయితే పుస్తకాలు, గుమాస్తా, క్లయింట్లు, ఆఫీసు గది అన్నీ తయారుగా ఉంటాయి. వాళ్ల తప్పేమీ లేదు. కానీ రెండో ఏడాదికే రియల్ ఎస్టేట్‌లోకో ప్రైవేటు ఉద్యోగంలోకో వెళ్లిపోయిన పిల్లవాడు పదేళ్ల తర్వాత ఏ హోదాకు దరఖాస్తు పెడతాడు?

ఈ మధ్య రెండు కదలికలు వచ్చాయి. 2024 జూలైలో సుప్రీంకోర్టు, వకీలుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకైతే 125 దాటకూడదంది. అప్పటిదాకా ఆ నమోదు చేసే బార్ కౌన్సిళ్లు వేలల్లో వసూలు చేసేవి. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని చెప్పింది. అయితే అది సిఫారసే. పైగా చిన్న ఊళ్లో సీనియర్‌కు కూడా ఫీజు వరి అమ్మినాకనో పత్తి అమ్మినాకనో వస్తుంది. ఆయన మాత్రం నెలనెలా 15 వేలు ఎక్కడి నుంచి తేవాలి? బార్ కౌన్సిల్ సంక్షేమ నిధి నుంచో ప్రభుత్వం నుంచో మొదటి మూడేళ్లు కొంత భాగం భరిస్తే తప్ప ఇది కాగితం దాటదు.

చివరగా కక్షిదారులకు ఒక మాట. హైకోర్టుకు పోయేటప్పుడు ఎవరి ఫీజు ఎంతో, ఎన్ని పేషీలకో విడివిడిగా అడగండి. అడిగితే ఏ వకీలూ కోపం చేసుకోవద్దు. ఖర్చు పెట్టుకోలేని వారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, జైలులో ఉన్నవారు తమ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలును అడగవచ్చు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

నమస్కారం.