లండన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్: ఎంత దూరం, ఎంతసేపు?

అందరికీ నమస్కారం.

లండన్ హీత్రూ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి విమానంలో ఎంతసేపు? టికెట్ చూసి చెప్పాలంటే చిక్కే. పొద్దున 10 గంటలకు లండన్‌లో బయల్దేరితే సుమారు 12:40కి చేరతారు. మర్నాడు అదే 10కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కితే 10:40 ప్రాంతంలో లండన్‌లో ఉంటారు! టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. జర్మనీ గడియారం బ్రిటన్ కంటే గంట ముందు. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో రెండు దేశాలూ ఒకేసారి గడియారం మారుస్తాయి కాబట్టి ఆ తేడా ఏడాదంతా గంటే. అసలు ప్రయాణం గంటా నలభై నిమిషాలు.

దూరం సంగతి తేలిక. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చే దగ్గరి దారి సుమారు 655 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఏ320 పైకెక్కాక గంటకు 830 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన 47 నిమిషాల్లో అయిపోవాలి. మిగతా టైం ఎటు పోయింది?

విమానం గాల్లో పైకెక్కడం, కిందికి దిగడం నెమ్మదిగా సాగుతాయి. మిగిలిందంతా నేల మీదే. ఎయిర్‌లైన్స్ లెక్కపెట్టేది బ్లాక్ టైం, అంటే ఈ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా. హీత్రూలో ఉన్నవి రెండే రన్‌వేలు, క్యూ తప్పదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011లో తెరిచిన వాయవ్య రన్‌వే మీద దిగితే ఇంకా తమాషా. దానికీ టెర్మినల్‌కీ మధ్య ఏ3 ఆటోబాన్ (జర్మనీ హైవే), హైస్పీడ్ రైలు పట్టాలు ఉన్నాయి. విమానం వంతెన మీదుగా వాటిని దాటాలి. కిటికీలోంచి చూస్తే రెక్క కింద కార్లు దూసుకుపోతుంటాయి. దిగేశాం కదా అని బెల్టు తీసి లేచినవాళ్లు చీవాట్లు తినేది ఇక్కడే.

తిరుగు ప్రయాణంలో హీత్రూ వంతు. రద్దీ ఉంటే బోవింగ్‌డన్, లాంబోర్న్, బిగ్గిన్, ఆకమ్ అనే నాలుగు చోట్ల విమానాలను ఒకదానిపై ఒకటి, వెయ్యి అడుగుల ఎడంతో, గాల్లోనే తిప్పుతుంటారు. అన్నిటికన్నా కిందున్నది దిగడానికి వెళ్లగానే పైవి ఒక్కో అంచె కిందికి వస్తాయి. దానికి తోడు పడమటి గాలి ఎదురు. వీటన్నిటికీ షెడ్యూల్‌లో ముందే కాస్త టైం కలిపేస్తారు. లేటుగా బయల్దేరిన విమానం టైంకే చేరిందంటే పైలట్ ప్రతాపం కొంతే, ఎక్కువగా ఆ కలిపిన నిమిషాల చలవే.

ఇక డబ్బు మాట. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయల్దేరే విమానాలకు యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన వర్తిస్తుంది. 1500 కిలోమీటర్ల లోపు ప్రయాణంలో మూడు గంటలు, ఆపైన లేటుగా చేరితే, తప్పు వాతావరణం లాంటిది కాకపోతే, 250 యూరోలు అడగొచ్చు. చేరడమంటే చక్రాలు నేలను తాకడం కాదని, కనీసం ఒక తలుపు తెరిచి మనల్ని దిగనివ్వడమని 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. 2 గంటల 55 నిమిషాల లేటుతో రన్‌వే తాకిన విమానం గేటుకొచ్చి తలుపు తీసేసరికి మూడు గంటలు దాటొచ్చు. అందుకే లేటయిన రోజున తలుపు తెరిచిన టైం రాసిపెట్టుకోండి.