సప్రెస్, కర్బ్, క్వెల్, మజిల్... అన్నిటికీ "అణచివేయు" ఒక్కటేనా? రోజెట్స్ థెసారస్ రివ్యూ

అందరికీ నమస్కారమండి. ఇవాళ మా గోదారి కాలువ మీదున్న లొల్ల లాకుల దగ్గర కూర్చుని మాట్లాడుతున్నా, వెనకాల నీళ్ళ హోరు వినపడుతుంది, మైకు దగ్గరగానే పెట్టుకున్నాను, సరిపోకపోతే కాస్త సౌండ్ పెంచుకోండి. చేతిలో ఉన్నది రోజెట్స్ థెసారస్, అంటే దగ్గర దగ్గర అర్థాలున్న ఇంగ్లీషు మాటల్ని ఒకచోట చేర్చిన బుక్, పాత ఎడిషన్, రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. అట్ట అంచులు నలిగిపోయాయి గాని లోపల పేజీలు శుభ్రంగా ఉన్నాయి, ఇదిగో చూడండి. బుక్ మొత్తం చెప్పాలంటే ఒక వీడియో చాలదు, అందుకని రిస్ట్రెయింట్ అనే హెడ్డింగ్ ఉన్న ఈ ఒక్క పేజీ, దాని చుట్టుపక్కల ఇంకో రెండు మూడు పేజీలు తీసుకుంటున్నా. ఆపడం, పట్టి ఉంచడం, అణచడం, వీటికి ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ ఇక్కడ గుంపుగా ఉంటాయి.

ఈ పేజీయే ఎందుకంటే, బ్యాంక్ ఎగ్జామ్స్‌కి చదివే రోజుల్లో కోచింగ్‌లో మాకు ఒక జెరాక్స్ కాగితం ఇచ్చారండి. సప్రెస్ అంటే అణచివేయు, కర్బ్ అంటే అణచివేయు, క్వెల్ అంటే అణచివేయు, స్టైఫిల్ అన్నా అణచివేయు, ఇలా కాగితం చివరిదాకా అదే. అదంతా బట్టీ పట్టుకుని వెళ్తే పేపర్లో గవర్నమెంటు ధరల పెరుగుదలని ఏం చేసింది అని ఒక ఖాళీ, ఇచ్చిన నాలుగు ఆప్షన్లూ ఆ కాగితంలోవే. నేను స్టైఫిల్ పెట్టి వచ్చాను. కర్బ్ పెట్టాలి. మార్కు పోతే పోయింది, ఎందుకు తప్పో చెప్పేవాళ్ళే దొరకలేదు చూడండి, అది చాలా ఏళ్ళు బాధపెట్టింది నన్ను.

బుక్ సంగతి కొంచెం చెప్తా. పీటర్ మార్క్ రోజెట్ అని లండన్‌లో డాక్టరుగారు, 1779లో పుట్టారు, 1852లో ఇది మొదటిసారి అచ్చయ్యేసరికి ఆయనకి 73 ఏళ్ళు. 1852 అనగానే మన డెల్టావాళ్ళకి గుర్తొచ్చేది ధవళేశ్వరం ఆనకట్ట, 1847లో మొదలెట్టి కాటన్ దొర పూర్తి చేసింది ఆ ఏడే. అక్కడాయన మాటల్ని వెయ్యి హెడ్డింగుల కిందకి సర్దుతుంటే ఇక్కడీయన గోదారికి కట్ట కట్టి నీళ్ళని కాలువల్లోకి మళ్ళించాడు, ఆ రెండూ ఒకే ఏడు బయటికొచ్చాయంటే నాకు ఒళ్ళు పులకరిస్తుందండి. ఇందులో మాటలు ఏ బీ సీ డీ వరసలో ఉండవు, భావం ప్రకారం ఉంటాయి. వెనక ఇండెక్స్‌లో మాట వెతుక్కుని, దాని పక్కనున్న నంబరు పట్టుకుని ముందుకి రావాలి. ఇండెక్స్ అక్షరాలు మరీ సన్నం, రాత్రిపూట చూడ్డం కష్టం.

ఇప్పుడు మాటల్లోకి వద్దాం. మజిల్. కండ అనే మజిల్ కాదండోయ్, ఇది వేరే మాట. మా తాతగారి పశువులసావిట్లో గుంజకి ఎప్పుడూ రెండు చిక్కాలు వేలాడుతుండేవి, కొబ్బరితాడుతో చిన్న ఉట్టిలాగా అల్లినవి, చెయ్యి పెట్టి చూస్తే గరగరలాడేవి. నూర్పు రోజున కళ్ళంలో ఎడ్లు తిరుగుతూ తిరుగుతూ వంగి గింజలు మేసేస్తాయని మూతికి చిక్కం తగిలించి, తాడు చెవుల వెనక నుంచి తీసి ముడేసేవారు. ఆ కన్నాల్లోంచి ఎద్దు ఊపిరి పీల్చుకుంటుంది, బుసకొడుతుంది, తినడానికి మాత్రం లేదు. నూర్పు అవ్వగానే తీసేసి మళ్ళీ గుంజకి తగిలించేవారు. అదండి మజిల్ అంటే, అచ్చంగా చిక్కమే. పేపరోళ్ళని మజిల్ చేశారు అన్నప్పుడు ఆ చిక్కం కళ్ళముందు పెట్టుకోండి, ఇంక జన్మలో మర్చిపోరు. దీని పక్కనే గ్యాగ్ ఉంటుంది, అది నోట్లో గుడ్డ కుక్కడం. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా దేశభాషల పత్రికల మీద తెచ్చిన చట్టాన్ని గ్యాగింగ్ యాక్ట్ అన్నది అందుకే.

అలాగే క్లాగ్. డ్రైనేజీ పైపు మూసుకుపోతే వాడే మాట అనుకుంటాం గాని, మొదట్లో క్లాగ్ అంటే పశువు పారిపోకుండా కట్టే చెక్కదుంగ. మన గుదిబండ! నాకైతే ఇది తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

కర్బ్ దగ్గరికి వద్దాం, నేను పోగొట్టుకున్న మార్కు అది. కర్బ్ అంటే గుర్రం కళ్ళానికి కింద దవడ దగ్గర ఆనేలా ఉండే గొలుసు. లాగితే గుర్రం తల వంచుతుంది, వేగం తగ్గిస్తుంది, కానీ పరిగెడుతూనే ఉంటుంది. ధరలు కూడా అంతేగా, పూర్తిగా ఆగవు, జోరు తగ్గుతుంది. స్టైఫిల్‌లో ఊపిరాడదు. ఆవలింత ఆపుకుంటే స్టైఫిల్, పిల్లాడు నోరు తెరవనీకుండా ప్రతిదానికీ కసురుతుంటే వాడిలో ఉత్సాహాన్ని స్టైఫిల్ చేస్తున్నట్టు. అందుకని ఈ మాటలు చదివేటప్పుడు నేను ఒకటే అడుగుతా, పట్టుకున్నాక ఆ వస్తువు బతికుందా, ఊపిరాడక కొట్టుకుంటుందా, పోయిందా?

క్వెల్‌లో పోయింది. పాత ఇంగ్లీషులో దాని అర్థమే చంపడం. అల్లర్లని క్వెల్ చేశారంటే ఇంక అల్లర్లు లేవు.

రిస్ట్రిక్ట్‌కి ఇదిగో ఈ షట్టర్లు చాలు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు తక్కువైతే వంతులవారీ అంటారు కదా, ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. నీళ్ళు ఉన్నాయి, వస్తాయి, హద్దులో వస్తాయి. రాజ్యాంగం 19వ అధికరణంలో రీజనబుల్ రిస్ట్రిక్షన్స్ అని ఉన్నది కూడా ఈ లెక్కే, హక్కు ఉంది, దానికి గట్లు కూడా ఉన్నాయి.

వరద మాత్రం వేరు. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకి రెండో ప్రమాద హెచ్చరిక, 17.75కి మూడోది, అప్పుడు బ్యారేజీ నీళ్ళని ఆపదు, గేట్లు ఎత్తేసి సముద్రానికి వదిలేస్తారు. కాబట్టి వరదకి సప్రెస్ పెట్టకండి. అదే ఏటిగట్టుకి గండి పడితే ఊరంతా వెళ్ళి సరుగుడు బాదులు దిగ్గొట్టి ఇసుక బస్తాలు చేతులు మారుస్తూ వేస్తాం చూశారా, ముందు బస్తా కొట్టుకుపోతుంది, రెండోది కదులుతుంది, మూడోది నిలబడుతుంది, అదీ స్టెమ్. పారేదానికి అడ్డం వెయ్యడం. చెట్టు కాండం స్టెమ్‌తో దీనికి చుట్టరికం లేదు. చెక్‌డ్యామ్‌లో చెక్ అన్నా ఆపడమే, తనిఖీ కాదు, చదరంగంలో రాజుకి చెక్ చెప్పే దగ్గర నుంచి వచ్చింది, దాని మూలం పారసీలో షా, అంటే రాజు.

ఇంక ఉద్యోగాలకి అప్లై చేసేవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. గవర్నమెంటు ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో సప్రెషన్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అని హెచ్చరిక ఉంటుంది. అక్కడ "అణచివేత" అని చదువుకుంటే ఏమీ అర్థం కాదు. దాచిపెట్టడం అని అర్థం. సప్రెస్ అంటే కిందకి నొక్కి ఉంచడం, అది అడుగున ఉంటుంది, ఎప్పుడో పైకి తేలుతుంది. మీమీద పాత కేసు ఏదైనా ఉండి రాయకపోతే అది సప్రెషన్, ఉద్యోగానికే ఎసరు. అదే కేసుని కొట్టేయమని హైకోర్టుకి వెళ్తే క్వాష్ పిటిషన్, టీవీలో రోజూ వింటున్నాం. క్వాష్ అంటే చెల్లదని కొట్టేయడం. ఎఫ్ఐఆర్‌ని క్వాష్ చేశారు అనబోయి సప్రెస్ చేశారు అని రాశారనుకోండి, కోర్టువారు కాగితం దాచేశారని అవుతుంది, ఎంత తేడానో చూడండి.

మరి బుక్ కొనచ్చా? ఇందులో ఉన్న లోటు ఏంటంటే, నేనిప్పుడు చెప్పిన తేడాలు ఏవీ ఇందులో రాసి ఉండవు. కర్బ్, బ్రైడిల్, మజిల్, స్మదర్ అన్నీ కామాలు పెట్టి పక్కపక్కన పోసేశారు, కళ్ళంలో రాశి పోసినట్టు. ఆ మాటలు ముందే తెలిసి, రాసేటప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయేవాళ్ళకి ఇది బంగారం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వాక్యాలతో సహా ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ ఒకటి పక్కన ఉండాల్సిందే, ఇందులో మాట పట్టుకుని అందులో దాని వాక్యం చూడాలి. అలా చూస్తే రోజుకి నాలుగు మాటలు చాలు. పదికి నా మార్కు ఏడు.

మీ ఊళ్ళో చిక్కాన్ని ఏమంటారో, గుదిబండకి ఇంకో పేరుందేమో కింద రాయండి, వచ్చే వీడియోలో వాటికి సరిపోయే ఇంగ్లీషు మాట ఏదో ఈ పేజీల్లోంచే వెతికి చెప్తాను. ఉంటానండి.