పత్థర్‌గట్టి నుంచి చార్మినార్ దాకా

సభకు నమస్కారం.

హైదరాబాదులో నయాపుల్ దాటి దక్షిణంగా నడిచేవారి చూపంతా దూరాన కనిపించే మినార్ల మీదే ఉంటుంది గనుక, కాళ్ల కింది వీధి సంగతి చాలామందికి పట్టదు. ఈ పూట ఆ వీధి గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన కొత్త నగరానికి పూనుకున్నప్పుడు, 1591లో కట్టిన చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ దారులు తీశారు. ఉత్తరపు దారిలో, కూతవేటు దూరంలో, మరుసటి ఏడాది చార్ కమాన్ వెలసింది. ఉత్తరాన మఛ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్, నాలుగింటి నడుమ గుల్జార్ హౌజ్. పడమటి కమాన్ రాజమహళ్లకు దారి. ఆ మహళ్లు కాలగర్భంలో కలిసిపోగా, వాకిలి మాత్రం నిలిచింది. హౌజ్ ఇప్పుడు ఆటోల మధ్య చిక్కుకున్న చిన్న ఫౌంటెన్.

ఇక పత్థర్‌గట్టి. ఈ వీధిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే; వయసులో మాత్రం అన్నిటికన్నా చిన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు సందుల నగరాన్ని సరిదిద్దే పనికి దిగింది. ఆ క్రమంలోనే ఇక్కడ రోడ్డును వెడల్పు చేసి, ఇరువైపులా ఒకే తీరున గ్రానైటు రాతి కట్టడాలు లేపారు. పేరులోని పత్థర్ ఆ రాయే. కింద అంగళ్లు, వాటి ముందు కమాన్ల వరుసతో నడవా, పైన మేడ. మే నెల మిట్టమధ్యాహ్నం రోడ్డు మీది నుంచి ఆ నడవాలోకి అడుగుపెట్టి చూడండి, ఎండ అక్కడికక్కడే ఆగిపోతుంది. దుకాణాల బోర్డులు కమాన్లను చాలావరకు కప్పేశాయి. (అంగడివారిని తప్పుపట్టలేం, పేరు కనబడకపోతే బేరమెక్కడిది?) తలెత్తి మేడ వరుసను చూస్తే తప్ప ఆనాటి పొందిక తెలియదు.

అలా తలెత్తుకునే ముందుకు సాగితే చార్మినార్ కమాన్ వస్తుంది. దాని వంపులోంచి చూస్తే అవతల చార్మినార్, 1889లో దానికి అమర్చిన నాలుగు గడియారాల్లో ఉత్తరపుది. మన వీధికి అదే టైము చెబుతుంది.