కంట్లో తెల్ల రంగు లేదు

నూనె రంగులతో పోర్ట్రెయిట్, అంటే మనిషి ముఖచిత్రం, నేర్చుకుంటామని వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: "మాస్టారూ, ఒంటి రంగు ఏ ట్యూబులో ఉంటుంది?" షాపులో ఆ పేరుతో ట్యూబు దొరుకుతుంది కూడా. కొనకండి. అది పూస్తే ముఖం బట్టల కొట్టు ముందు నిలబెట్టిన బొమ్మలా తయారవుతుంది.

స్వీడన్‌లో ఆండర్స్ జోర్న్ అని గొప్ప చిత్రకారుడు ఉండేవాడు, 1920లో పోయాడు. ఆయన పేరుతో చెప్పుకునే రంగుల పలక, అంటే పాలెట్‌లో రంగులు నాలుగే: తెలుపు, ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు, వెర్మిలియన్ ఎరుపు, ఐవరీ బ్లాక్ అనే నలుపు. నీలం లేదు. మరి నీలి ఛాయ కావాలంటే? నలుపులో తెలుపు కలిపి ఎరుపు పక్కన పెట్టండి, నీలంగానే కనబడుతుంది. గడ్డం గీసుకున్న మగవాడి చెంపకు అంతకంటే అక్కర్లేదు.

అసలు రంగుల జోలికి పోకముందే అంబర్ అనే ముదురు గోధుమ మట్టిరంగు ఒక్కదానితో వెలుగూ నీడా వేసుకోవాలి. అందులో మాంగనీస్ ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ అలా కాదు, రోజుల తరబడి తడిగానే ఉంటుంది. ఈ సంగతి తెలియక నేను మా తాతయ్య కోటు మొత్తం నూనె ఓడుతున్న నలుపుతో దట్టంగా వేసి, దాని మీద టర్పెంటైన్‌తో పల్చన చేసిన రంగు పూశాను. రెండేళ్లు తిరిగేసరికి కోటంతా ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది. అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. కింది పొర ఇంకా కదులుతుండగా పైది బిగుసుకుంటే పగలక ఏం చేస్తుంది? అందుకే అడుగున నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ.

ఇవన్నీ ఎవరో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలని లేదు. తిరువాన్కూరు కొలువులో రవివర్మకు థియొడోర్ జెన్సెన్ అనే విదేశీ చిత్రకారుడు నేర్పింది తక్కువ. జెన్సెన్ వేస్తుంటే చూసి పట్టుకున్నదే ఎక్కువ.

కన్ను సంగతి ఒక్కటి చెప్పి బ్రష్ పట్టుకుంటాను. అందరూ కన్నుతోనే మొదలుపెడతారు, తెల్లగుడ్డుకు తెల్ల రంగు పెడతారు. ఒక కాగితం ముక్క పక్కవాళ్ల చెంప దగ్గర పట్టి చూడండి. కాగితం ముందు తెల్లగుడ్డు బూడిద రంగులో లేదూ? పై రెప్ప నీడ దాని మీద పడుతోంది. కాన్వాస్ మీద కంట్లో తెలుపు పెట్టేది నల్లగుడ్డు మీద మెరిసే చుక్కకే, అదీ చిట్టచివర.

మొదటి వరసలో కళ్లజోడు పెట్టుకున్న బాబాయి గారూ, మీరొచ్చి ఈ కిటికీ పక్కన కూర్చుంటారా? జోడు తీసేయండి. మిగతావాళ్లు కళ్లు సగం మూసి చూడండి, రంగులు మసకబారి వెలుగూ నీడా మిగులుతాయి. అంబర్ అందుకుంటున్నాను.